బొప్పాయి ఆకు కోళ్లకి మందేనా? ఏ జబ్బుకి పనికొస్తుంది, ఏ జబ్బుకి పనికిరాదు

ఈ ఎపిసోడ్ మన మెట్ట ఊళ్ల కోసం. జగ్గయ్యపేట, నందిగామ, ఆ చుట్టుపక్కల. మొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఇక్కడ పత్తి, మిర్చి వేసే ఇళ్లల్లో కూడా పెరట్లో పదో పదిహేనో నాటుకోళ్లు ఉంటాయి. ఆ డబ్బులు ఎక్కువగా అమ్మ చేతిలోనో అమ్మమ్మ చేతిలోనో ఉంటాయి. పిల్లల పుస్తకాలకో, పండక్కో అక్కరకొస్తాయి.

అదే పెరట్లో ఒక బొప్పాయి చెట్టు కూడా ఉంటుంది. అందుకే "బొప్పాయి ఆకు పెట్టండి, కోళ్లకి ఏ రోగమూ రాదు" అని ఎవరైనా పంపితే వెంటనే నమ్మేస్తాం. ఖర్చు లేదు కదా! ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం నమ్మితే మాత్రం గంప ఖాళీ అవుతుంది. ఆ రెండిటినీ ఇవాళ విడదీద్దాం.

ముందు నిజం సంగతి. మటన్ ముదురుగా ఉంటే ఇంట్లో ఏం చేస్తారు? పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు. ఎందుకంటే కాయ పాలల్లో పపైన్ అనే ఎంజైమ్ ఉంది, అది ప్రొటీన్‌ని కరిగిస్తుంది. కోడి పేగులో ఉండే ఏలికపాము పైపొర కూడా ప్రొటీన్‌తో చేసిందే. పపైన్ ఆ పొరని తినేస్తుంది. ఇక గింజలు. ఎండబెడితే అచ్చం మిరియాల్లా ఉంటాయి, మిరియాల్లో కల్తీ చేసేది వీటినే. వాటి ఘాటు బెంజైల్ ఐసోథయోసైనేట్ అనే పదార్థం వల్ల. అది కూడా పురుగులకి పడదు.

దీని మీద ప్రయోగాలు జరిగాయి. 1994లో ఇండోనేషియా పరిశోధకులు ప్రచురించిన దాంట్లో, ఏలికపాములున్న పందులకి బొప్పాయి పాలు ఇచ్చారు. ఎక్కువ మోతాదు ఇచ్చినవాటిలో పురుగులు పూర్తిగా పోయాయి, కానీ కొన్నిటికి కాస్త విరేచనాలయ్యాయి. 2007లో నైజీరియాలో 60 మంది పిల్లల మీద చూశారు. ఎండు బొప్పాయి గింజల పొడి తేనెతో కలిపి ఇచ్చిన 30 మందిలో 23 మందికి పురుగులు పోయాయి. ఉత్త తేనె ఇచ్చిన 30 మందిలో 5 మందికే పోయాయి. అంటే ఇది ఉత్త నమ్మకం కాదు. చెట్టులో సరుకుంది.

మరి ఇబ్బంది ఎక్కడ? మూడు విషయాలు.

ఒకటి, మోతాదు. ట్యాబ్లెట్‌లో మందు ఎంతుందో స్ట్రిప్ మీద రాసి ఉంటుంది. ఆకు మీద రాసి ఉండదు. చెట్టు చెట్టుకీ, లేతకీ ముదురుకీ బలం మారిపోతుంది.

రెండు, మరిగించడం. చాలామంది ఆకుల్ని బాగా మరిగించి కషాయం పోస్తారు. అంత వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. అలాగని పచ్చి కాయ పాలు నేరుగా పోయకండి, నోరూ పేగూ పుండవుతాయి. లేత ఆకు సన్నగా తరిగి, దాణాలో కొద్దిగా కలిపితే చాలు.

మూడు, గింజలు రోజూ పెట్టడం. జైపూర్‌లో కొండముచ్చుల మీద చేసిన ప్రయోగంలో బొప్పాయి గింజల సారం ఇస్తే మగవాటిలో వీర్యకణాలు లేకుండా పోయాయి, ఆపాక తిరిగొచ్చాయి. కోడి వేరు, కోతి వేరు, నిజమే. అయినా పొదుగుడు గుడ్ల కోసం ఉంచుకున్న పుంజుకి రోజూ ఎందుకు పెట్టడం?

కాబట్టి రెట్టలో పురుగులు కనిపిస్తున్నాయా, పిల్లలు మేత తిని కూడా ఎండిపోతున్నాయా? అప్పుడు ఆకు మీద ఆధారపడొద్దు. పశువుల డాక్టర్ని అడిగి పైపరజైన్ లాంటి మందు, బరువుని బట్టి వాడండి. ఇంకోటి, రెట్టలో పడిన పురుగు గుడ్డు ఇంకో కోడికి అంటే స్థితికి రావడానికి సుమారు పది రోజులు పడుతుంది. వారానికోసారి గూడు ఊడ్చి, పొడిగా ఉంచితే ఆ చక్రం అక్కడే తెగిపోతుంది. ఇది బొప్పాయి కన్నా పెద్ద మందు, పైగా ఫ్రీ.

ఇప్పుడు అసలు ప్రమాదం. కొక్కెర. ఇంగ్లీషులో రాణిఖేత్, న్యూకాజిల్ అంటారు. పచ్చగా నీళ్లలా పారుడు, నోరు తెరిచి ఊపిరి, మెడ తిరిగిపోవడం, రెండు మూడు రోజుల్లో వాడంతా ఖాళీ. ఇది పురుగు కాదు, వైరస్. దీనికి బొప్పాయి పనిచేయదు. ఆ మాటకొస్తే వచ్చాక ఏ మందూ పనిచేయదు. "రెండు రోజులు ఆకు పెట్టి చూద్దాం" అనుకునే ఆ రెండు రోజుల్లోనే పక్కింటి కోళ్లకీ అంటుకుంటుంది.

దీనికి దారి టీకా ఒక్కటే, అదీ ముందుగా. పిల్లలకి 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా లేదా ఎఫ్ స్ట్రెయిన్, కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క. 8 వారాలకి ఆర్2బి, రెక్క కింద ఇంజెక్షన్. దానికి వారం ముందు పురుగుల మందు వేస్తే టీకా బాగా పడుతుంది.

మీ ఇంట్లో పది కోళ్లే ఉండొచ్చు, సీసాలో వంద డోసులు ఉండొచ్చు. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, ఐసులో ఉంచాలి. ఒక్కరే కొంటే దండగ అనిపిస్తుంది. అందుకే వీధి వీధంతా ఒకే రోజు వేయించుకోవాలి. ఫోన్ ఉన్నది మీ చేతిలో కాబట్టి ఆ పని మీదే. వీధివాళ్లకో గ్రూపు పెట్టండి, తెల్లారుజామున ఒక టైమ్ అనుకోండి, రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడితో మాట్లాడండి.

చివరగా, ఒక్కసారే చాలా కోళ్లు చనిపోతే కోసుకు తినొద్దు, అమ్మొద్దు, మున్నేట్లో పారేయొద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు వైపు కోళ్లు రాలిపోతే పరీక్షల్లో బర్డ్ ఫ్లూ అని తేలింది. కంటితో చూసి అది కొక్కెరో బర్డ్ ఫ్లూనో చెప్పలేం. పశువైద్యశాలకి చెప్పండి, లేదా 1962కి ఫోన్ చేయండి. వాళ్లు చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చండి.

బొప్పాయి చెట్టుని కొట్టేయమని నేను చెప్పట్లేదు ఫ్రెండ్స్. ఆకు పేగుల దాకానే, వైరస్‌కి టీకా. ఈ ఒక్క ముక్క మీ అమ్మమ్మకి చెప్పండి, చాలు.