పంది మాంసానికి బెల్లం బార్బెక్యూ సాస్: ఎప్పుడు పూయాలన్నదే అసలు కిటుకు

ఈ రోజు బార్బెక్యూ సాస్ ఇంట్లోనే చేద్దాం. "రాజమండ్రిలో సరుకులు ఎక్కడ దొరుకుతాయి బ్రో?" అని చాలామంది అడిగారు. దాదాపు అన్నీ మీ వంటింట్లోనే ఉన్నాయండి.

అమెరికాలో ఈ సాస్‌లోకి బ్రౌన్ షుగర్ వేస్తారు. అంటే మొలాసిస్ ఉన్న పంచదార. మన బెల్లంలో ఆ మొలాసిస్ తీయకుండానే ఉంటుంది. వాళ్లు చాలాసార్లు వూస్టర్ సాస్ కూడా కలుపుతారు. అందులో చింతపండు కూడా ఉంటుంది! మరి మనకి సీసా ఎందుకు?

కేజీ మాంసానికి కొలతలు రాసుకోండి. అరకేజీ టమాటాలు, ఒక పెద్ద ఉల్లిపాయ, 8 వెల్లుల్లి రెబ్బలు, 100 గ్రాముల బెల్లం, నిమ్మకాయంత చింతపండు, 2 చెంచాల కారం, ఒక చెంచా మిరియాల పొడి, ఉప్పు.

ఉల్లి, వెల్లుల్లి దోరగా వేయించి, టమాటా మగ్గాక చల్లార్చి మిక్సీ పట్టండి. బెల్లం కరిగించి వడకట్టి పోయండి, లేదంటే ఇసుక తగులుద్ది. చింతపండు గుజ్జు, కారం, మిరియాల పొడి, ఉప్పు వేసి సన్నసెగ మీద 20 నిమిషాలు ఉంచండి. గరిటెకి పట్టుకునేంత చిక్కబడాలి. దించాక 2 చెంచాల వెనిగర్, ఒక చెంచా ఆవపిండి. పనసపొట్టు కూరకి దించాక ఆవ పెడతాం కదా, అదే లెక్క.

ఇప్పుడు నా పరువు పోయిన కథ. ఉద్యోగం మానేసిన నెలలో, మొదటి వీడియో కోసం 3 కేజీల పంది మాంసం తెచ్చా. మా వంటింట్లోకి అది రానివ్వరు కాబట్టి పెరట్లో పొయ్యి పెట్టా. పచ్చి ముక్కలకే సాస్ దట్టంగా పూసి నిప్పుల మీద పెట్టేశా. పది నిమిషాల్లో పైన బొగ్గు, ఎముక దగ్గర పచ్చి. ఫ్రెండ్స్ ఆకలితో వెళ్లిపోయారు. నాన్న ఒక్కటే అడిగారు: "దీనికోసమేనా ఉద్యోగం మానేశావు?" సమాధానం లేదండి నా దగ్గర.

తప్పు సాస్‌ది కాదు, టైమింగ్‌ది. అందులో తీపి ఎక్కువ. మాంసం లోపల ఉడికేలోపే బెల్లం మాడిపోతుంది. పైన నల్లబడింది కదా అని దించేస్తే లోపల పచ్చిగానే ఉంటుంది. సరిగ్గా ఉడకని పంది మాంసంతో బద్దెపురుగు ఒంట్లోకి చేరే ప్రమాదం ఉంది. ఇందులో సరదా లేదు.

అందుకే ముందు ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించి కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. తర్వాత కొబ్బరి చిప్పలు కాల్చి, మంట తగ్గి నిప్పులయ్యాక ముక్కలు పెట్టండి. కోనసీమ పక్కన ఉన్నోళ్లకి చిప్పలకి కరువేంటండి! చివరి 5 నిమిషాల్లోనే సాస్ పూయండి, రెండు సార్లు, పల్చగా. పూయడానికి కొంచెం వేరే గిన్నెలోకి తీసుకోండి. బ్రష్ ముంచిన సాస్ మళ్లీ సీసాలో కలపొద్దు. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయండి.

నాన్న ఇప్పటికీ పంది మాంసం ముట్టరు. కానీ మొన్న ఆదివారం కోడి వేపుడు తింటూ, "ఆ ఎర్రసీసా ఇలా తే" అన్నారు. నాకది చాలండి.

మీరూ చేసి చూడండి. మాడితే మాడిందనే కామెంట్ పెట్టండి, ఎక్కడ తేడా వచ్చిందో కలిసి వెతుకుదాం. ఉంటానండి!