తంత్రీవాద్య నిర్మాణమున బిగింపు ఉపాయములు
(ప్రసంగ పాఠము)



గ్రంథాలయమున చినిగిన పుస్తకమునకు బైండు కట్టుట చూడనివారు ఈ సభలో అరుదు. అట్టకు పిండిజిగురు పూసి, పుస్తకమును రెండు పలకల నడుమ నుంచి, మరలు బిగించి, ఒక రాత్రి యట్లే విడిచెదరు. జిగురు పూయుట నిమిషము పని. అతుకును నిలుపునది ఆ రాత్రి బిగింపు. వీణ, తంబురా, వయొలిన్ చేయువాని కష్టమును ఇట్టిదే. అయితే పుస్తకము చదునైనది, వీణకుండ గుండ్రనిది. చిక్కంతయు అక్కడ నున్నది.

రాచర్ల, గిద్దలూరు ప్రాంతపు పల్లెలలో భజన తంబురా బుఱ్ఱ పగిలినను, పైపలక యెడబాసినను సాధారణముగా జరుగునవి రెండే. మేకులు కొట్టుదురు, లేదా మూల బెట్టుదురు. మేకు దిగిన చెక్క ఆ దారినే చీలును. వచ్చు వేసవికి ఆ చీలిక మఱింత సాగును. మూల బెట్టినదానిని చెదలు తినును. ఇది వడ్రంగికి నేర్పు లేక కాదు. పలక అంచును చుట్టును ఒక్కమారుగా పట్టి యుంచుటకు ఇరువదియో ముప్పదియో బిగింపులు కావలెను. ఒక్క తంబురా కొఱకు అన్ని ఇనుప క్లాంపులు కొనుమనుట న్యాయము కాదు.

తెలుగునాట వీణకు బొబ్బిలి పెట్టినది పేరు. ఆ పట్టణమునకు చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కులమువారు తరతరములుగా పనసకఱ్ఱతో వీణలు చేయుచున్నారు. కుండను, దండిని ఒకే దుంగనుండి తొలిచి చేసినదానిని ఏకాండి వీణ యందురు. అతుకులు తగ్గుటయే ఆ పద్ధతి యందలి గొప్ప. అయినను కుండను మూయు పైపలకను వేరుగా చేసి అమర్పక తప్పదు. వాయించు తంత్రులు 4, తాళపు తంత్రులు 3. వాని ఒత్తిడి గుఱ్ఱము ద్వారా ఆ పలకమీదికే దిగును. వయొలిన్ చిన్నదే గదా యనుకొందురేమో! దాని నాలుగు తంత్రుల లాగుడు మొత్తము ఇంచుమించు 22 మొదలు 25 కిలోల వఱకు నుండును. ఒక బియ్యపు సంచి బరువును కాగితమువంటి అతుకు రాత్రింబవళ్ళు మోయుచున్నదన్నమాట.

ఇక జిగురు మాట. పశువుల తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన వజ్రము పూర్వమునుండి వాద్యములకు వాడుకలో నున్నది. దానిని నేరుగా నిప్పుపై పెట్టరాదు. వేడినీళ్ళ గిన్నెలో మఱియొక గిన్నె నుంచి, 60 డిగ్రీలు దాటకుండ కరిగింపవలెను. చల్లారుచుండగనే అది గడ్డకట్టును గనుక పనివానికి చిక్కు వ్యవధి ఒకటి రెండు నిమిషములు మాత్రమే. 1959లో బజారునకు వచ్చిన ఫెవికాల్ కొంత ఎక్కువ వ్యవధి నిచ్చును. అయినను వాద్యపు పైపలకకు వజ్రమే మేలు. ఏలయన, వజ్రపు అతుకును వేడినీటితోను పలుచని కత్తితోను చెక్క చెడకుండ విప్పవచ్చును. లోపలి దిమ్మె ఊడిన నాడు ఆ పలకను విప్పవలసినవాడు ఇప్పటి పనివాని మనుమడు కావచ్చును.

బిగింపు అనగా గట్టిగా నొక్కుట యని భ్రమ గలదు. మితి మీఱి నొక్కిన జిగురంతయు బయటికి కారిపోయి అతుకు ఎండిపోవును. పలుచని పలకపై ఇనుపమూతి గుంట పడును. కావలసినది సమమైన ఒత్తిడి. అందువలన బిగింపునకును పనికిని నడుమ ఒక మెత్తని చెక్కముక్క, దాని క్రింద మైనపు కాగితము ఉంచవలెను. కాగితము మఱచినచో ఆ ముక్క కూడ వీణతోపాటు అంటుకొనును. ఇది ప్రతి పనివాడును ఒకసారి చేసి నేర్చుకొను తప్పు.

ఇంటిలో దొరకు వస్తువులలో శ్రేష్ఠమైనది పాత సైకిలు ట్యూబు. దానిని అంగుళము వెడల్పున పొడవైన పట్టీగా కోసి, సాగదీయుచు బుఱ్ఱ చుట్టును చుట్టవలెను. ఒక్కొక్క చుట్టు బలము స్వల్పమే గాని చుట్టు మీద చుట్టు పడిన కొలది ఒత్తిడి కూడుచు పోవును. గుండ్రని వస్తువునకు ఇంతకంటె తగినది లేదు. గట్టు ఎక్కించి, ఎక్కడెక్కడ జిగురు కారుచున్నదో చూచి, అక్కడ ఒక చుట్టు సడలింపవచ్చును.

వయొలిన్ చేయువారు దర్జీల దారపు కండెలను సాధనముగా మార్చుకొనిరి. కఱ్ఱకండెను రెండుగా కోసి, నడిమి రంధ్రముగుండ నాలుగంగుళముల బోల్టు దూర్చి, లోపలి ముఖములకు తోలుముక్క లంటించి, రెక్కల నట్టు బిగింతురు. ఒక బిళ్ళ పైపలకపైన, మఱియొకటి క్రింది పలకపైన పట్టును. నడుమ ప్రక్కచెక్క నిలిచి యుండును. ఇప్పుడు కండెలు ప్లాస్టిక్కువి యైనవి. పాత అప్పడాల కఱ్ఱను బిళ్ళలుగా కోసినను పని జరుగును.

మూడవ ఉపాయము మన ప్రాంతమునకు మఱింత చేరువైనది. నల్లమల వెదురునకు కొఱత లేదు. పనిని నేలపై నుంచి, దానికిని దూలమునకును నడుమ నుండు దూరముకంటె కొంచెము పొడవైన వెదురుబద్దలను విల్లువలె వంచి నిలిపినచో, బద్ద తిన్ననగుటకు ప్రయత్నించుచు పలకను క్రిందికి నొక్కును. దూలము లేని యింట నులకమంచము క్రింద కాక, గట్టి బల్ల క్రింద పెట్టుకొనవలెను. గిటారు చేయువారు ఇందుకై చిన్న కప్పు గల పెట్టెను కట్టుకొందురు. దీనిలో నొక వింత గలదు. బద్ద కొంచెము వంగినను, మఱికొంత వంగినను ఒత్తిడిలో భేద మంతగా నుండదు. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ కంబములు వంగు తీరును లెక్కకట్టి ఈ సంగతి తేల్చెను. కాబట్టి ఒకే మందము, ఒకే పొడవు గల ఇరువది బద్దలు పెట్టిన పలక అంతటను సమముగా నొక్కబడును. ఖరీదైన క్లాంపులతో చేయి తిరిగినవానికి గాని రాని సమత, వెదురునకు స్వభావముగనే యున్నది.

రెండు సన్నపలకలను అంచునకంచు చేర్చుటకు మోకును, ఏటవాలు చెక్కముక్కలును చాలును. పలకలను చదునైన బల్లపై పరచి, పైన ఒక కఱ్ఱ వేసి, మోకుతో ఇటు నటు చుట్టి, త్రాటి క్రింద ఆ ముక్కలను సుత్తితో మెల్లగా దిగగొట్టవలెను. బండిపై గడ్డిమోపును బిగించుటకు త్రాటిలో పుల్ల దూర్చి మెలిపెట్టు రైతునకు ఇది క్రొత్త విద్య కాదు. నిప్పులో కాల్చిన ఇనుపపట్టాను చక్రమునకు తొడిగి నీళ్ళు చల్లు కమ్మరి సయితము చేయుచున్నది బిగింపే.

లోపలి అంచుపట్టీల వంటి చిన్న పనులకు బట్టల క్లిప్పులు చాలును. బలము చాలనిచో రబ్బరు ఉంగరము తొడుగుదురు. వంపు గల పలకపై ఇసుకసంచి బరువు రాతికంటె మేలు, అది వంపును అనుసరించును.

ఏ ఉపాయమైనను జిగురు పూయకముందు ఒకసారి ఒట్టిగా బిగించి చూడవలెను. ముప్పది బిళ్ళలు, బద్దలు, చెక్కముక్కలు చేతికందు వరుసలో నున్నవా, ఎవరు దేనిని అందింతురు అను సంగతి అప్పుడే తేలును. చెక్కను కూడ ఎండలో కొంచెము వెచ్చచేయవలెను. చల్లని చెక్క తగిలిన వజ్రము క్షణములో పేరుకొనును.

బిగింపులను ఒక దినము కదపరాదు. పిమ్మట విప్పి, వ్రేలి కణుపుతో అంచు చుట్టును తట్టి వినవలెను. అతికినచోట ధ్వని నిండుగా నుండును. అతకనిచోట గరగర వినబడును. అక్కడ మాత్రమే పలుచని కత్తి దూర్చి, వేడి వజ్రము నెక్కించి, ఒకటి రెండు బిళ్ళలు బిగించి మరల రాత్రి విడువవలెను. తంత్రులను ఒక్కమారుగా శ్రుతికి లాగక, రెండు మూడు దినములలో కొంచెము కొంచెముగా ఎక్కింపవలెను.