ఒకే అరుగు, రెండు పుస్తకాలు



యాప్రాల్ కాలనీలో ఒక ఇంటి అరుగు మీద ఇద్దరు ఏడో తరగతి పిల్లల్ని చూశాను. ఒకడు రాజస్థాన్ నుంచి బదిలీ మీద వచ్చిన జవాను కొడుకు, ఇక్కడే ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ బడిలో చదువుతున్నాడు. పక్కనున్న అమ్మాయి సర్కారు బడి. వాడి ఒళ్లో కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకం, ఆ పిల్ల చేతిలో మన రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీది. పుస్తకం ఇవ్వగానే ముందు ఎవరు వేశారో చూడమనేవారు మా చిన్ననాటి మాస్టారు. అప్పట్లో అదో చాదస్తం అనుకునేవాళ్లం.

ఎవరు వేశారన్నది అసలు చదువు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నే. 1950లో రాజ్యాంగం ప్రకారం చదువు రాష్ట్రాల జాబితాలో ఉండేది. ఎమర్జెన్సీలో వచ్చిన 42వ సవరణ దాన్ని ఉమ్మడి జాబితాకు మార్చింది. 1977 జనవరి 3 నుంచి అదే అమలు. ఉమ్మడి జాబితాలో పార్లమెంటు చట్టానికి, రాష్ట్ర చట్టానికి పొసగకపోతే మామూలుగా పార్లమెంటుదే పైచేయి, 254వ అధికరణం చెప్పేది అదే. కానీ అందుకు చట్టమంటూ ఒకటి ఉండాలి కదా! 2020 జాతీయ విద్యావిధానం కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పత్రం, పార్లమెంటు చేసిన చట్టం కాదు. ఎన్‌సీఈఆర్‌టీ కూడా చట్టంతో పుట్టింది కాదు, 1961లో పెట్టిన ఒక సొసైటీ.

పార్లమెంటు నిజంగా చేసిన చట్టం 2009 నాటి విద్యాహక్కు చట్టం. అందులో 7వ సెక్షన్ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం రూపొందించే పని కేంద్రానికి ఇచ్చింది. ఎనిమిదో తరగతి దాకా అసలు పాఠ్యప్రణాళికను మాత్రం ‘సముచిత ప్రభుత్వం’ నోటిఫై చేసిన విద్యా ప్రాధికార సంస్థ ఖరారు చేయాలంటుంది 29వ సెక్షన్. కేంద్రం పెట్టిన, దాని సొంతమైన, దాని అదుపులో ఉన్న బడులకు సముచిత ప్రభుత్వం కేంద్రం. మిగతా బడులకు ఆ రాష్ట్రం. మరి ఆ జవాను కొడుకు చదివే బడి కేంద్రం పెట్టిందా? లేదు. దాని సొంతమా, దాని అదుపులో ఉందా? అదీ లేదు. అక్షరం పట్టుకుని చదివితే ఆ బడికి సముచిత ప్రభుత్వం హైదరాబాదులోనే ఉంది. బోర్డు మీద సీబీఎస్‌ఈ అని రాసి ఉంటే చాలు, ఈ సంగతి ఎవరూ అడగరు.

చట్టం ఇవ్వని పట్టు డబ్బు ఇస్తుంది. జాతీయ విద్యావిధానం అమలుతో ముడిపడిన కేంద్ర పథకం పీఎం శ్రీ ఒప్పందం మీద సంతకం పెట్టనందుకు, తమిళనాడుకు కేంద్రం బడులకిచ్చే సమగ్ర శిక్షా నిధులు రెండువేల కోట్లకు పైగా ఆగాయి. జాతీయ విద్యావిధానాన్ని అమలు చేయమని రాష్ట్రాన్ని నేరుగా బలవంతపెట్టలేమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు అంది. ఆ మాటతో నిధులేం కదల్లేదు.

రాష్ట్రాలకూ హద్దుందండోయ్. సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లిషు మీడియమే అంటూ 2019లో ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలన్నది ఆ 29వ సెక్షన్‌లో ఉన్న మాటే మరి.

మన తెలంగాణ 2018లో చట్టం చేసి, ఏ బోర్డు బడైనా పదో తరగతి దాకా తెలుగు చెప్పాల్సిందేనంది. అమలు మాత్రం నత్తనడక. తొమ్మిది, పది తరగతుల సీబీఎస్‌ఈ పిల్లలకు బరువైన వాచకం బదులు సులువైన ‘వెన్నెల’ పెట్టమని 2025లో ఉత్తర్వు వచ్చింది. మాతృభాష తెలుగు కాని పిల్లల్ని చూసి చేసిన సర్దుబాటది, నాకు నచ్చింది.

అరుగు మీది కుర్రాడు సైన్సు పుస్తకం మూసి తెలుగు నోట్సు తీశాడు. ‘ఝ’ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక తికమకపడుతున్నాడు. ఆ పిల్ల వాడి చేతిలో పెన్సిల్ లాక్కుని రాసి చూపిస్తోంది.