కొల్లేటికి ఆకాశసాక్ష్యము

(కొల్లేటి లంకవాసుల సభయందు మే మొసగిన యుపన్యాసము)



కొల్లేటి నీటిలో పుట్టి పెరిగినవారికి కొల్లేటినిగూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. ఈ నీటి లోతు మీ గెడకు తెలిసినట్లు మా కలమునకు తెలియదు. కావున మీ రెఱిగిన కొల్లేటిని విడిచి, మీరు చూడని కొల్లేటినిగూర్చి, అనగా ఏడు మొదలు తొమ్మిది వందల కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములకు కానవచ్చు కొల్లేటినిగూర్చి, నాలుగు మాటలు మనవి చేయుటకు వచ్చితిమి.

2006వ సంవత్సరమున గట్లు కూలుట చూచిన కన్నులకు, పైనుండి తీయు ప్రతి చిత్రమును రాబోవు పొక్లెయినునకు ముందు నడచు బంట్రోతువలె తోచుట సహజము. ఆ భయమును మేము పరిహసింపము. కాని మా యభిప్రాయము వేఱు. ఉపగ్రహము సర్కారు బంట్రోతు గాదు, అది సాక్షి. సాక్షిని పిలుచు హక్కు సర్కారునకు ఎంత కలదో లంకవాసికిని అంత కలదు. ఆ హక్కును మీరు వినియోగించుకొనవలెనని చెప్పుటయే మా యుపన్యాస ప్రయోజనము.

ముందుగా కొల్లేరు ఎంత యను ప్రశ్నను తేల్చుకొనవలయును. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న యీ పల్లములోనికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరులు దిగుచున్నవి. కాలువల మురుగు వచ్చి చేరుచున్నది. వెలుపలికి పోవుటకు ఉప్పుటేరొక్కటే దారి; అదియు సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి సముద్రమున కలియుచున్నది. వచ్చు దారులు పెక్కు, పోవు దారి యొకటి. కావున వానకాలమున సరస్సు ఉబ్బును, వేసవిని క్రుంగును. సముద్రమట్టమునుండి పది యడుగుల కాంటూరువఱకు లెక్కించినచో 901 చదరపు కిలోమీటర్లు. ఐదవ కాంటూరువఱకు 308. మూడవ కాంటూరువఱకు 135. ప్రభుత్వము 1999లో అభయారణ్యముగా ప్రకటించినది ఐదవ కాంటూరులోని భాగము. 2002లో రాంసార్ ఒడంబడిక జాబితాకెక్కినది 901 చదరపు కిలోమీటర్ల ప్రదేశము. నేలపై ఒక్క గట్టైనను కదలకయే, కాగితముపై ఒక్క యంకె మార్చినంతమాత్రమున అభయారణ్యములో సగమునకు మించిన భాగము తొలగిపోవును. అభయారణ్యమును మూడవ కాంటూరునకు కుదింపవలెనని 2008లో మన శాసనసభ చేసిన తీర్మానమునకు అర్థ మిదియే.

ఇక సాక్షి కథ. 1972లో అమెరికావారు లాండ్‌శాట్ మొదటి యుపగ్రహమును పంపిరి. నాటినుండి భూతలపు చిత్రములు వరుసగా పోగుపడుచున్నవి. కొల్లేటిలో చేపలచెఱువుల త్రవ్వకము ముమ్మరము కాకమునుపే ఆ కన్ను తెఱువబడినది. అయినను పరుల కంటితో మన నేలను చూచుకొనుట స్వతంత్రజాతికి చాలదు. 1988 మార్చి 17వ తేదీన మన ఐ.ఆర్.ఎస్.-1ఏ సోవియట్ రాకెట్టుపై పైకెగసినది. తరువాతి కాలమున అట్టి యుపగ్రహములు మన శ్రీహరికోటనుండి మన రాకెట్లపైననే ఎగసినవి. 2003, 2011, 2016 సంవత్సరముల రిసోర్సుశాట్లు అట్టివి. శ్రీహరికోట మాత్ర మేమి? పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ నున్న దీవి. ఒక సరస్సు ఒడినుండి లేచిన కన్ను వేఱొక సరస్సు క్షయమును చూచుచున్నది. ఆ చిత్రములను గ్రహించి భద్రపఱచు జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము హైదరాబాదున నున్నది. ఇదంతయు ప్రజల సొమ్ము. ఆ ప్రజలలో లంకవాసియు నొకడు.

ఈ కన్ను చూచు విధ మెట్టిది? మన కంటికి కానరాని పరారుణకాంతినికూడ అది కొలుచును. నీరు ఆ కాంతిని మ్రింగివేయును. పచ్చని యాకు దానిని వెనుకకు చిమ్మును. చిత్రములు కూర్చువారు ఆ కాంతికి ఎఱుపు రంగు నిచ్చుట వాడుక. అందుచే నిర్మలమైన లోతునీరు నల్లగాను, వరిచేను, కిక్కిస, గుర్రపుడెక్క ఎఱ్ఱగాను కానవచ్చును. 634వ సంవత్సరమున రవికీర్తి రచించిన ఐహోళె శాసనములో, రెండవ పులకేశి యుద్ధమున కూలినవారి నెత్తుటిచే కునాళ సరస్సు ఎఱ్ఱబాఱినట్లు చెప్పబడినది. ఆ కునాళము కొల్లేరేయని చరిత్రకారుల తలంపు. పదమూడు వందల యేండ్లకు పైబడిన తరువాత ఉపగ్రహచిత్రములలో కొల్లేరు మఱల ఎఱ్ఱబాఱినది. ఈ సారి కత్తి దూసినవా డెవడును లేడు. నీరుండవలసిన చోట కలుపు నిండినది.

సాక్షి మాట వినుడు. 2001 ఫిబ్రవరి 9వ తేదీనాటి ఉపగ్రహచిత్రమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు పరిశీలించి 2004లో తమ ఫలితములను ప్రకటించిరి. సరస్సుగా వారు లెక్కించిన 245 చదరపు కిలోమీటర్లలో 103 చదరపు కిలోమీటర్లు, అనగా నూటికి 42 వంతులు, చేపలచెఱువులు. నడచుచున్న చెఱువులు 1050, ఎండినవి 38. మఱి నూటికి ఎనిమిదిన్నర వంతులు సాగుభూమి, అందు ముఖ్యముగా వరి. మిగిలిన సగమైనను తేటనీరా యన్న, తేటనీ రా చిత్రమున కానరానేలేదు. అభయారణ్యముగా ప్రకటించి యేడాది దాటిన పిమ్మటి స్థితి యిది. ఈ యంకెలు పుట్టింపబడినవని యెవరును అనజాలరు. గట్లను ఎవరికి వారు పైనుండి చూచి లెక్కించుకొనవచ్చును.

అయితే సాక్షి సత్యవాదియైనను, ప్రశ్న వంకరయైనచో సమాధానము వంకరగనే వచ్చును. నీరెంత కలదని మాత్రమే యంత్రము నడిగినచో, గట్టు కట్టి నింపిన చేపలచెఱువునుకూడ నీరనియే అది లెక్కించును. సరస్సు క్షీణించుచుండగా నీటి విస్తీర్ణము పెరిగినదని నివేదిక వచ్చినను రావచ్చును! చెఱువునకు తిన్నని గట్లును మూలలును కలవు. సరస్సునకు అట్టి యంచు లేదు. ఆ భేదమును మనుష్యుడు కనిపెట్టవలయును. మఱియొకటి. ఒక యేట అక్టోబరు చిత్రమును, వేఱొక యేట మే చిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి సరస్సు తఱిగినదనుట మోసము. ఏ యేటి కాయేడు ఒకే మాసమును పోల్చవలయును. వానకాలమున మేఘము లడ్డుపడును; అప్పుడు మేఘములను చొచ్చి చూచు రాడారు ఉపగ్రహములు కావలయును. ఐరోపావారి సెంటినెల్-1 అట్టి చిత్రములను 2014నుండి యిచ్చుచున్నది.

చిత్రపు సూక్ష్మతయు గమనింపదగినది. ఉపగ్రహచిత్రము గడులు గడులుగా నుండును. తొలి లాండ్‌శాట్ గడి యొక్కటే సుమారు ఎకరమున్నర. అందు చిన్నరైతు చెఱువు కానరాదు. తరువాత వచ్చిన ముప్పది మీటర్ల గడులలో ఎకరమునకు నాలుగున్నర గడులు వచ్చును. 2015లో ఎగసిన సెంటినెల్-2 చిత్రములలో ఎకరమునకు నలువది గడులు. నేడు ఎకరము చెఱువు సైతము దాగజాలదు.

ఇంత చూచు కంటికి కానరాని దొకటి కలదు. చెఱువు ఎవరిదో అది చెప్పలేదు. తాతలనాటినుండి వల తప్ప వేఱు ఆస్తి లేని వడ్డివాని చెఱువును, ఏలూరు దాటి యెన్నడును బురద త్రొక్కని పెట్టుబడిదారుని చెఱువును ఆకాశమునుండి ఒక్కటే నలుపలకలు. ఇక్కడనే అన్యాయమునకు తావు కలుగుచున్నది. 1970వ దశకమున పేద మత్స్యకారులకు జీవనమని సహకారసంఘములు పెట్టించి చెఱువులకు దారి తీసినది ప్రభుత్వమే. పిమ్మట ఎన్నియోచోట్ల పేరు సంఘమువారిది, పెట్టుబడి పరునిది, లాభము పెట్టుబడివానిది యైనది. 2006లో గట్లు తెగినప్పుడు పెట్టుబడివాడు వేఱొక వ్యాపారము చూచుకొనగలడు. కూలివానికి పోవుట కెక్కడ? తరువాత మఱల గట్లు లేచిన మాటయు దాచదగినది గాదు. ఆ గట్ల వెనుక ఎవరున్నారో విచారింపక గట్టును మాత్రమే చూచుచున్నంతకాలము కూల్చుట, కట్టుట యను నీ యాట సాగుచునేయుండును.

ఇక మీకు ప్రియముగాని మాటయు నొకటి చెప్పవలసియున్నది. కొల్లేరు లేక లంక లేదు. గట్టు పెరిగినకొలది వఱదనీటికి దారి యిఱుకగును. 2024 సెప్టెంబరున బుడమేరు గండ్లు పడి విజయవాడను ముంచినది. ఆ గండ్ల కథ వేఱు. కాని ఆ బుడమేరు నీరు చివరకు చేరవలసినది కొల్లేరే. ఆ నెలలోనే లంకగ్రామములును నీట చిక్కినవి. వేసవిలో సరస్సు మట్టము పడినచో ఉప్పుటేటి వెంట ఉప్పునీ రెగదన్నును. అప్పుడు వరియు, త్రాగునీరును, చేపయు నొక్కసారిగా చెడును. ఆటపాకలోని గూడబాతులు మాత్రమే కొల్లేటి పక్షమున మొఱపెట్టుకొనుచున్నవని తలంపకుడు. మీ నూతినీరుకూడ మొఱపెట్టుచున్నది.

కావున మూడు పనులు మీ యెదుట నుంచుచున్నాము. మొదటిది: ప్రతి సంవత్సరము ఒకే మాసపు ఉపగ్రహచిత్రమును, దానిపై కాంటూరు గీతలను, సర్వేనంబర్లను, తెలుగు పేర్లతో ముద్రించి ప్రతి లంకగ్రామ పంచాయతీ గోడపై అంటింపవలెనని ప్రభుత్వమును కోరుడు. కార్యాలయపు బీరువాలోని చిత్రము ఒకనికి ఆయుధము. గోడపైనున్నచో అందఱికి సాక్ష్యము.

రెండవది: చిత్రమున క్రొత్తగట్టు కనబడినప్పుడు భూమి యెవరిది, పెట్టుబడి యెవరిది, లాభ మెవరిది యను మూడింటిని విచారించి గ్రామసభలో చదువవలయును, చర్య ఆ తరువాతనే. పెట్టుబడి పెట్టినవానినుండి ఆరంభింపవలయును. జిరాయితీ భూమి పోగొట్టుకొనువారికి పరిహారము, వల పట్టువారికి జీవనము చూపిన పిమ్మటనే బీదవాని గట్టును ముట్టవలయును.

మూడవది మీ చేతిలోనిదే. లాండ్‌శాట్ చిత్రములు 2008నుండి ఉచితము. మన భువన్ 2009నుండి అందఱికి తెఱువబడియున్నది. లంకలో పదవ తరగతి చదివిన బాలికకు ఒక మాసము నేర్పినచో ఏ యెఱుపు వరియో, ఏ యెఱుపు గుర్రపుడెక్కయో చెప్పగలదు. ఎందుకన పైనున్న కంటికి తెలియనిది పడవపై తిరిగిన యామెకు తెలియును. పైచూపునకు క్రిందిచూపు తోడైనగాని సాక్ష్యము పూర్తి కాదు. మీరు చూడకున్నచో మీ తరఫున ఇతరులు చూచెదరు. వారు చూచినదే వ్రాతలోనికి ఎక్కును.

మన దేశమున చెఱువులును కుంటలునుకూడ కలుపుకొని చిత్తడినేలలు 1 కోటి 52 లక్షల హెక్టార్లకు పైగా కలవని అహమ్మదాబాదునందలి అంతరిక్ష ప్రయోగ కేంద్రము 2011నాటి తన పటములలో ఉపగ్రహచిత్రముల సాయముననే లెక్క తేల్చినది. లెక్క తెలిసినది, పటమున్నది, చట్టమున్నది. వానిని కలుపు గ్రామమే లేదు. ఆ గ్రామము మొదట కొల్లేటిలోనే పుట్టునుగాక యని మా కోరిక. ఐదు దినముల కొకసారి సెంటినెల్-2 కన్ను మీ తలలపైగా దాటిపోవుచున్నది. ఈ సారి అది దాటునప్పుడు దొంగవలె గట్టు చాటునకు పోక, వాదులై యెదురు నిలువుడు. మీ కొల్లేటి పక్షమున దానిని సాక్షిగా పిలువుడు.