మార్కుల కార్డు మీద రాసిన రెండు మాటలు

(స్వర్ణోత్సవ సభలో విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పానని నన్ను సన్మానించారు. సంతోషం. అయితే ఆ లెక్కల్లో నేను తప్పిన లెక్క ఒకటుంది. అది చెప్పకుండా శాలువా కప్పుకోవడం న్యాయం కాదు.

1987లో ఆరో తరగతికి సీతంపేట కొండల నుంచి ఒక సవర అబ్బాయి వచ్చాడు. హాస్టల్లో ఉండేవాడు. ఏమడిగినా నిలబడేవాడు, నోరు విప్పేవాడు కాదు. యూనిట్ పరీక్ష మార్కుల కార్డు మీద ‘శ్రద్ధ లేదు’ అని రాశాను.

ఆగస్టు 29న గిడుగు జయంతి. ప్రసంగం నాదే. 1863లో మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై సవరల భాష నేర్చుకున్నారని, ఆ భాషలో వాచకాలు రాశారని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారని అరగంట చెప్పాను. చప్పట్లు కొట్టారు.

సభయ్యాక మన అటెండరు అన్నాడు: “మాస్టారూ, సవర అన్న మాట వినబడినప్పుడల్లా ఆ కొండ గుంటడు తలెత్తి సూస్తన్నాడండి.”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పంతులుగారి పటానికి దండ వేసినవాణ్ణి, నా తరగతిలో ఉన్న సవర పిల్లవాణ్ణి వాడి భాషలో ఒక్క మాటైనా అడగలేదు.

సోమవారం వాణ్ణి పిలిచి, “నీళ్లను మీరేమంటారురా?” అని అడిగాను. వేళాకోళమేమోనని నా మొహంలోకి చూశాడు. తర్వాత చెప్పాడు. నేను తప్పుగా పలికాను. నవ్వాడు. వాడి గొంతు వినడం నాకదే మొదలు.

ఆ రోజు నుంచి వాడు నాకొక మాట, నేను వాడికొక లెక్క. సంతలో చింతపండు తూకం, ధర నోటితో కట్టగలవాడు వాడు. వాడికి అడ్డుపడ్డది లెక్క కాదు, ‘అసలు, నష్టశాతం’ అనే నా మాటలు. ఏడాది చివర పాసయ్యాడు. ఆ గొప్ప నాది కాదు, వాడిది.

కానీ వాడికి రెండేళ్ల ముందు అవే కొండల నుంచి ఇంకో అబ్బాయి వచ్చాడు. వాడి కార్డు మీదా అవే రెండు మాటలు రాశాను. దసరా సెలవులకు ఇంటికెళ్లాడు, తిరిగి రాలేదు. ఎందుకని నేను వాకబు కూడా చేయలేదు. ఆ బాకీ ఇంకా తీరలేదు.

పూర్వ విద్యార్థులారా! గదులు కట్టించారు, బెంచీలు ఇచ్చారు. ఇంకొకటి అడుగుతాను. ఒక్కొక్కరు ఒక్క పిల్లవాడి బాధ్యత తీసుకోండి. ఆదివారం అరగంట మాట్లాడండి. మొదటి నెల సలహాలేమీ ఇవ్వకండి. ఇంట్లో ఏం మాట్లాడతారో, బడికి ఎలా వస్తాడో, ఏం అర్థం కావడం లేదో అడగండి. వినండి.

సెలవుల తర్వాత ఒక పిల్లవాడు రాకపోతే, ‘ఎందుకు రాలేదు?’ అని అడిగే మనిషి ఒకరుండాలి. ఆనాడు నేను అడగలేదు. మీరు అడగండి.

సెలవు.