సైకిలు తొక్కేవారు డాక్టరుకు చెప్పవలసిన సంగతులు

మాకు ఉర్దూలో పాఠం చెప్పడమే అలవాటు. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించండి.

బడి మా ఇంటికి ఆరు కిలోమీటర్లు. పోయిరావడం సైకిలు మీదనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవారికి చెప్పిన వారానికి 150 నిమిషాల శ్రమ మాకు ఈ దారిలోనే తీరిపోతుంది. రెండేండ్ల క్రిందట కుడి మోకాలిచిప్ప ముందర నొప్పి మొదలైనది. ఒక డాక్టరు, "నలభై దాటినాయి, సైకిలు మానెయ్యండి మాస్టారూ" అన్నారు. ఆయన ఏమీ అడగలేదు, మేమూ ఏమీ చెప్పలేదు. తప్పు సగం మాదే. మూడు నెలలు ఆటోలో తిరిగినాము. నొప్పి తగ్గింది గాని షుగరు పెరిగింది. ఆటో ఖర్చు సంగతి మా ఇంటివారిని అడగండి!

ఆమే పట్టుబట్టి మరో డాక్టరు దగ్గరకు పంపినది. ఈసారి చీటీ రాసుకొని పోయినాము: రోజుకెంత దూరం, నొప్పి ఎక్కడ, ఎప్పుడు, వేసుకొనే మాత్రలేవి. చీటీ చదివి ఆయన అడిగిన మొదటి మాట, "సీటు ఎంత ఎత్తులో వున్నది?" సీటు మరీ క్రిందికుంటే మోకాలు ఎక్కువ మడతపడి చిప్ప మీద ఒత్తిడి పడుతుందట. మరీ పైకుంటే మోకాలి వెనుక లాగుతుంది. పెడలు అట్టడుగున వున్నప్పుడు మోకాలు కొంచెమే వంగి వుండాలి. మా అబ్బాయి తన కోసం దించుకొన్న సీటు దించినట్లే వుండిపోయింది! షాపులో నట్టు వదులు చేసి లేపించినాము, అంతే.

మాత్రల దగ్గర మాత్రం ఆయన ఆగినారు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడేవారు ఖాళీ కడుపుతో దూరం తొక్కితే షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు వస్తే వెంటనే దిగి చక్కెర నోట్లో వేసుకోవాలి. రంజాన్‌లో మందుల వేళ ఎట్లా మార్చాలో నెల రాకముందే అడగమన్నారు. మన అంతట మనం మాత్ర ఎగ్గొట్టరాదు. కూర్చునేచోట తిమ్మిరి పట్టినా సిగ్గుపడి దాచవద్దన్నారు. అది సీటు నరాలను నొక్కడం వల్ల కావచ్చు.

మా తోటి మాస్టరు ఒకరు వంతెన ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేస్తుంటే గ్యాసని సోడా త్రాగుతూ వచ్చినారు. దిగి నిలబడితే పోయేది. మా చీటీ చూసి ఆయనా ఒకటి రాసుకొని పోయినారు. డాక్టరు చదివి, కుర్చీలోంచి లేవనివ్వకుండా ఇ.సి.జి. తీయించి, ఆ రోజే పెద్దాసుపత్రికి పంపినారు. గుండెనొప్పి అది.

ఇప్పుడు మందులు వాడుతూ, డాక్టరు ఒప్పుకొన్న మేరకు మెల్లగా తొక్కుతున్నారు. వంతెన వస్తే దిగి సైకిలు నడిపించుకొని పోతారు. మేమూ ఆయనతో దిగుతాము.