శంకరాభరణం పాటలకు ఆ కీర్తి తగినదేనా?

1980లో విడుదలైన కె.విశ్వనాథ్ చిత్రం ‘శంకరాభరణం’ పాటలు నిజంగా అంత గొప్పవా? సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్‌కు, గాయకులు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరామ్‌కు జాతీయ అవార్డులు తెచ్చిన పాటలివి. అయితే అవార్డులను పక్కన పెట్టి, చెవులకే తీర్పు వదిలేద్దాం.

కచేరీలో తీరిగ్గా విస్తరించే రాగాన్ని కొద్ది నిమిషాలకు కుదించారన్న అభ్యంతరం ఉంది. కుదించిన మాట నిజమే. కానీ రాగస్వరూపం చెదరలేదు. ‘శంకరా నాదశరీరాపరా’లో మధ్యమావతి, ‘దొరకునా ఇటువంటి సేవ’లో బిలహరి స్పష్టంగా పలుకుతాయి. వాద్యాలు గొంతును మోస్తాయే తప్ప కప్పేయవు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు ఆ గమకాలను సాధనతో పట్టుకున్నారు. వేటూరి కొత్త సాహిత్యం పక్కనే భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తనలు చక్కగా ఒదిగాయి.

మరాఠీ రంగస్థలం మీద గాయక నటుడు బాలగంధర్వ నాట్యసంగీతంతో రాగాలను జనానికి దగ్గర చేశారు. మహారాష్ట్రలోని మన ధర్మాబాద్‌లో ఆ సంప్రదాయం తెలిసినవారికి శంకరాభరణం చేసిన మేలు ఇట్టే అర్థమవుతుంది. కచేరీ గడప తొక్కని ఇళ్లకూ కర్ణాటక సంగీతాన్ని చేర్చిందది. ఆ కీర్తికి పూర్తిగా అర్హమైనది. ఈ పాటలు మోగినప్పుడు రాగం పేరు కూడా పిల్లలకు చెప్పండి.